టెలిస్కోపుకు గ్రేటింగ్ బిగించి నక్షత్రాల వర్ణపటం తీయడం ఎలా?

ఎంత పెద్ద టెలిస్కోపులో చూసినా నక్షత్రం చుక్కగానే కనిపిస్తుంది. దాని ఉపరితలం ఎంత వేడిగా ఉంది, దాని వాతావరణంలో ఏ మూలకాలు, ఏ అణువులు ఉన్నాయి, చుట్టూ వాయువుల వలయం ఏర్పడిందా, పేలిన నక్షత్రమైతే పదార్థాన్ని ఎంత వేగంతో వెదజల్లుతోంది అన్న విషయాలు ఆ చుక్క నుంచి వచ్చే కాంతిని తరంగదైర్ఘ్యాల వారీగా విడదీసి వర్ణపటంగా పరిచినప్పుడే తెలుస్తాయి. 1814లో ఫ్రౌన్‌హోఫర్ సూర్యుని వర్ణపటంలో 570కి పైగా నల్లని గీతలను గుర్తించి పటం గీశాడు. 1859, 1860 సంవత్సరాల్లో కిర్కాఫ్, బున్సెన్ కలిసి, ప్రయోగశాలలోని జ్వాలల వర్ణపటాలతో పోల్చి ఏ గీత ఏ మూలకానిదో చెప్పే మార్గం చూపారు. ఒకప్పుడు పెద్ద వేధశాలలకే పరిమితమైన ఆ మార్గం నేడు చిన్న టెలిస్కోపు, మామూలు కెమెరా ఉన్న ఔత్సాహికునికి కూడా అందుబాటులో ఉంది.

అయితే వర్ణపటాన్ని ఫొటో తీయడం ఈ పనిలో తేలికైన భాగం. చేతికి వచ్చిన గ్రాఫులోని ఎగుడుదిగుళ్లలో ఏవి నక్షత్రానివి, ఏవి కెమెరావి, ఏవి భూమి వాతావరణానివి అని విడదీసి చెప్పగలగడమే అసలు విద్య. అది అలవడాలంటే తొలి రోజుల్లో జవాబు ముందే తెలిసిన నక్షత్రాలనే ఎంచుకోవాలి. కొత్తవారు సాధారణంగా దీనికి విరుద్ధంగా, మొదటి వారంలోనే సూపర్‌నోవా వెంట పడతారు. అందువల్ల వచ్చిన గ్రాఫు సరైనదో కాదో తేల్చుకునే ఆధారం వారి దగ్గర ఉండదు.

ఏ పరికరంతో మొదలుపెట్టాలి

ప్రారంభానికి తగిన పరికరం ఫిల్టర్ లాగా బిగించుకునే వివర్తన గ్రేటింగ్, అంటే దగ్గర దగ్గరగా ఉన్న సన్నని గీతలతో కాంతిని రంగులుగా విడదీసే పలక. 1.25 అంగుళాల ఫిల్టర్ మరలోనే కూర్చునే స్టార్ ఎనలైజర్ 100 అనేది ఔత్సాహికులలో ఎక్కువ వాడుకలో ఉంది. దానిపై మిల్లీమీటరుకు 100 గీతలు ఉంటాయి. ఆ గీతలను ఒక వాలుతో తీర్చడం వల్ల కాంతిలో ఎక్కువ భాగం ఒకే పక్కనున్న మొదటి శ్రేణి వర్ణపటంలోకి చేరుతుంది. మామూలు గ్రేటింగ్ అయితే కాంతిని రెండు పక్కలకూ, అనేక శ్రేణులలోకీ పంచి, మసక నక్షత్రాలను మన పరిధి నుంచి తప్పిస్తుంది. మిల్లీమీటరుకు 200 గీతలున్న రకం కూడా దొరుకుతుంది కాని, అది కెమెరాకు, గ్రేటింగ్‌కు మధ్య దూరం పెంచే వీలు లేని అమరికలకు ఉద్దేశించినది. ఆ ఇబ్బంది లేనివారు 100 గీతల రకమే తీసుకోవడం మేలు.

కాంతిని సన్నని చీలిక గుండా పంపే స్పెక్ట్రోగ్రాఫులు, ఉదాహరణకు ఆల్పీ 600, ల్హైరెస్ వంటివి, ఇంతకంటే ఎన్నో రెట్లు సూక్ష్మమైన వివరాలు చూపుతాయి. వాటిని మొదటి పరికరంగా కొనమని నేను సలహా ఇవ్వను. కొన్ని పదుల మైక్రాన్ల వెడల్పున్న చీలికలో నక్షత్రాన్ని నిలబెట్టి, అది జారిపోకుండా గంటసేపు గైడింగ్ చేయడం దానికదే నేర్చుకోవలసిన విద్య. కొలతలు చదవడం, గైడింగ్ చేయడం ఒకేసారి నేర్చుకోబోతే రెండింటిలో ఎక్కడ పొరపాటు జరుగుతోందో పోల్చుకోవడం కష్టమవుతుంది.

టెలిస్కోపు విషయంలో పెద్దగా పట్టింపులు అక్కరలేదు. ఎఫ్/5 (ఫోకల్ లెంగ్త్‌ను టెలిస్కోపు వ్యాసంతో భాగిస్తే వచ్చే అంకె 5) కంటే నెమ్మదైనది, అంటే ఎఫ్/6, ఎఫ్/8, ఎఫ్/10 వంటిది అయితే వర్ణపటం రెండు చివరలా పదునుగా ఉంటుంది. అంతకంటే వేగమైన టెలిస్కోపులలో గ్రేటింగ్ కారణంగా పుట్టే దోషాలు గీతలను కొంత అలికేస్తాయి. నక్షత్రం వెంట తిరిగే మోటారు మౌంట్ ఉండటం మంచిది. మోనోక్రోమ్ (నలుపు తెలుపు) ఖగోళ కెమెరా అన్నిటికంటే అనువైనది. రంగుల కెమెరా కూడా పనికి వస్తుంది కాని, దాని మీదున్న ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఫిల్టర్లు గ్రాఫులో తమ సొంత గుట్టలను ఏర్పరుస్తాయన్న సంగతి గుర్తుంచుకోవాలి. డీఎస్‌ఎల్‌ఆర్ వాడేవారు తప్పకుండా రా ఫార్మాట్‌లోనే తీయాలి. జేపెగ్ చిత్రంలో కెమెరా తనకు తోచిన విధంగా వెలుగు విలువలను మార్చేస్తుంది కాబట్టి దానితో కొలతలు కుదరవు. పైగా మార్పులు చేయని డీఎస్‌ఎల్‌ఆర్‌లోని ఫిల్టర్ 656 నానోమీటర్ల దగ్గరున్న హైడ్రోజన్ ఆల్ఫా (హైడ్రోజన్‌కు చెందిన ఎరుపు గీత) కాంతిని చాలా వరకు అడ్డుకుంటుంది.

టెలిస్కోపు లేనివారు కెమెరా లెన్స్ ముందు గ్రేటింగ్‌ను నిలిపి ట్రైపాడ్ మీద నుంచే మొదలుపెట్టవచ్చు. దీనికి ట్రాకింగ్ కూడా అవసరం లేదు. వర్ణపటం నక్షత్రం కదిలే దిశకు లంబంగా పరుచుకునేలా గ్రేటింగ్‌ను తిప్పితే, భూభ్రమణమే ఆ సన్నని దారాన్ని పక్కకు లాగి వెడల్పాటి పట్టీగా మారుస్తుంది. 50 మి.మీ. లెన్స్, 4 మైక్రాన్ల పిక్సెళ్లు ఉన్న కెమెరాలో ఖగోళ మధ్యరేఖకు దగ్గరున్న నక్షత్రం సెకనుకు దాదాపు ఒక పిక్సెల్ చొప్పున జరుగుతుంది. ఇరవై సెకన్ల ఎక్స్‌పోజర్‌తో చక్కని పట్టీ వస్తుంది. అందులో నల్లని గీతలు కంటికే కనిపిస్తాయి.

గ్రేటింగ్‌కు, సెన్సర్‌కు మధ్య దూరం

పరికరం బిగించే ముందు చేయవలసిన లెక్క ఒకటే ఉంది. దానిని దాటవేసినవారే తరువాత ఎక్కువ సమయం పోగొట్టుకుంటారు. మిల్లీమీటరుకు 100 గీతలున్న గ్రేటింగ్‌తో ఒక్కో పిక్సెల్‌పై ఎన్ని నానోమీటర్లు పడతాయో తెలుసుకోవాలంటే, పిక్సెల్ పరిమాణాన్ని మైక్రాన్లలో తీసుకొని పదితో గుణించి, గ్రేటింగ్ నుంచి సెన్సర్ వరకు ఉన్న దూరంతో, అంటే మిల్లీమీటర్లలో, భాగించాలి. 3.8 మైక్రాన్ల పిక్సెల్, 40 మి.మీ. దూరం అనుకుంటే పిక్సెల్‌కు 0.95 నానోమీటర్లు వస్తాయి. 200 గీతల గ్రేటింగ్ అయితే ఈ విలువ సగమవుతుంది. లెన్స్ ముందు గ్రేటింగ్ పెట్టేవారు దూరానికి బదులుగా లెన్స్ ఫోకల్ లెంగ్త్‌ను వేసుకోవాలి.

ఇదే అమరికలో హైడ్రోజన్ ఆల్ఫా గీత నక్షత్రపు చుక్క నుంచి సుమారు 2.6 మి.మీ. దూరంలో, అంటే దాదాపు 690 పిక్సెళ్ల అవతల పడుతుంది. కాబట్టి 5 మి.మీ. వెడల్పున్న చిన్న సెన్సర్‌లో కూడా చుక్క, వర్ణపటం రెండూ ఇముడుతాయి. అవి రెండూ ఒకే చిత్రంలో ఉండటం ఎంతో ముఖ్యమన్న సంగతి కొలతల దగ్గరకు వచ్చాక స్పష్టమవుతుంది. పిక్సెల్‌కు 0.8 నుంచి 1.5 నానోమీటర్ల మధ్య విలువ వచ్చేలా దూరాన్ని సరిచేసుకుంటే ఆరంభానికి చాలు. దూరాన్ని పెంచుకుంటూ పోతే వివరం కూడా అంతే పెరుగుతుందని ఆశపడకూడదు. చీలిక లేని అమరికలో నక్షత్రపు బొమ్మ వెడల్పే చీలిక వెడల్పుగా పనిచేస్తుంది. ఒక మీటరు ఫోకల్ లెంగ్త్ ఉన్న టెలిస్కోపులో గాలి అలజడి వల్ల నక్షత్రం 3 ఆర్క్ సెకన్లకు (ఆర్క్ సెకను అంటే డిగ్రీలో 3,600వ వంతు) ఉబ్బితే అది సెన్సర్ మీద 14.5 మైక్రాన్ల మచ్చగా పడుతుంది. పై లెక్కలో అది నాలుగు పిక్సెళ్లకు కొద్దిగా తక్కువ, అంటే సుమారు 3.6 నానోమీటర్లు. అంతకంటే దగ్గరగా ఉన్న రెండు గీతలు మనకు విడివిడిగా కనిపించవు.

ఈ హద్దు వల్ల ఒక ఆశను మొదట్లోనే వదులుకోవాలి. వస్తువు మన వైపు వస్తుంటే దాని గీతలు నీలం వైపు, దూరంగా పోతుంటే ఎరుపు వైపు జరుగుతాయి; ఎరుపు వైపు జరగడమే రెడ్‌షిఫ్ట్. నక్షత్రాలు మన వైపు వచ్చే వేగాలు సాధారణంగా సెకనుకు కొన్ని పదుల కిలోమీటర్లు మాత్రమే. హైడ్రోజన్ ఆల్ఫా దగ్గర ఒక నానోమీటరు జరుగుదలకే సెకనుకు 450 కిలోమీటర్లకు పైగా వేగం కావాలి. కాబట్టి ఈ గ్రేటింగ్‌తో జంట నక్షత్రాల కక్ష్యా వేగాలను కొలవడం సాధ్యం కాదు. సూపర్‌నోవాల వేగాలు, క్వేసార్ల (దూరపు గెలాక్సీల అతి ప్రకాశవంతమైన కేంద్రాల) రెడ్‌షిఫ్ట్ మాత్రం కొలవవచ్చు, ఎందుకంటే అక్కడ జరుగుదల పదుల నానోమీటర్లలో ఉంటుంది.

మొదటి రాత్రి

వేగా అని పిలిచే అభిజిత్ నక్షత్రం తొలి లక్ష్యంగా సర్వోత్తమం. అది కనిపించని కాలంలో సిరియస్‌ను ఎంచుకోవాలి. రెండూ వర్ణపట వర్గీకరణలో 'ఏ' (A) అనే తరగతికి చెందిన తెల్లని నక్షత్రాలు. వాటి వర్ణపటాలలో హైడ్రోజన్ గీతలు తప్ప చెప్పుకోదగ్గవి పెద్దగా ఉండవు. ఉన్న ఆ గీతలు కూడా వెడల్పుగా, లోతుగా ఉండి తేలికగా చిక్కుతాయి. నక్షత్రం దిక్చక్రం నుంచి కనీసం 40 డిగ్రీల ఎత్తుకు వచ్చేదాకా ఆగాలి. అంతకంటే కింద గాలి పొర మందమై, నీలం కాంతిని మింగివేస్తుంది.

మొదట గ్రేటింగ్ లేకుండానే నక్షత్రాన్ని ఫోకస్ చేసి, ఆ తరువాత గ్రేటింగ్‌ను కెమెరా ముక్కుకు బిగించాలి. ఇప్పుడు తెరమీద నక్షత్రపు చుక్క, దానికి ఒక పక్కన దూరంగా ప్రకాశవంతమైన గీత, రెండో పక్కన చాలా మసక గీత కనిపిస్తాయి. ప్రకాశవంతమైనదే మనకు కావలసిన మొదటి శ్రేణి. ఆ చుక్కను సున్నా శ్రేణి అంటారు. గ్రేటింగ్‌ను దాని మరలో కొద్దికొద్దిగా తిప్పుతూ చుక్క ఎడమ వైపున, వర్ణపటం కుడి వైపున, చిత్రానికి వీలైనంత అడ్డంగా ఉండేలా చేసి, లాక్ రింగుతో బిగించివేయాలి. చుక్కకు దగ్గరి కొస ఊదా, దూరపు కొస ఎరుపు. మోనో కెమెరాలో రంగులు కనిపించవు కాబట్టి ఈ క్రమాన్ని గుర్తుపెట్టుకోవాలి.

ఫోకస్ ఇంకా పూర్తి కాలేదు. నక్షత్రపు చుక్క అత్యంత పదునుగా ఉన్న స్థానంలో వర్ణపటం పదునుగా ఉండదు, ఎందుకంటే గ్రేటింగ్ నుంచి వాలుగా వెళ్లే కిరణాలు కొంచెం వేరే తలంలో కేంద్రీకృతమవుతాయి. అందువల్ల చుక్కను పట్టించుకోకుండా, 486 నానోమీటర్ల దగ్గరుండే హైడ్రోజన్ బీటా గీతను తెరమీద పెద్దది చేసి, అది నల్లగా, ఇరుకుగా కనిపించేదాకా ఫోకసర్‌ను అతి నెమ్మదిగా కదపాలి. ఈ దశలో చుక్క కొద్దిగా ఉబ్బినా నష్టం లేదు. రెండు కటకాల మామూలు రిఫ్రాక్టర్ వాడేవారికి ఇక్కడ మరో దృశ్యం ఎదురవుతుంది: మధ్యలో సన్నగా ఉన్న వర్ణపటం ఊదా కొసకు చేరేసరికి చేప తోకలా విచ్చుకుంటుంది. అన్ని రంగులనూ ఒకే చోట కేంద్రీకరించలేని కటకపు లోపమే దానికి కారణం. నీలం గీతలు ముఖ్యమైన రోజున ఆ వైపు, ఎరుపు గీతలు ముఖ్యమైన రోజున ఈ వైపు వేర్వేరుగా ఫోకస్ చేసుకోవడం తప్ప దీనికి మార్గం లేదు. అద్దాల టెలిస్కోపులకు ఈ బాధ లేదు.

ఎక్స్‌పోజర్ విషయంలో ఒకే నియమం: వర్ణపటంలో అత్యంత ప్రకాశవంతమైన చోటు కెమెరా గరిష్ఠ విలువలో 70, 80 శాతాన్ని దాటకూడదు. 12 బిట్ల కెమెరాకు ఆ గరిష్ఠం 4,095, 14 బిట్లకు 16,383, 16 బిట్లకు 65,535. నక్షత్రపు చుక్క మాత్రం నిండిపోయి తెల్లబడినా ఫర్వాలేదు. దాని కేంద్రం ఎక్కడుందో తెలిస్తే చాలు. అభిజిత్ వంటి నక్షత్రానికి అతి తక్కువ వ్యవధి సరిపోతుంది కాని, ఒకే ఒక్క చిత్రంలో గాలి మినుకులు వర్ణపటాన్ని అక్కడక్కడ కొరికినట్లు చేస్తాయి. అనేక చిత్రాలు తీసి కలపడం వల్ల ఆ గతుకులు సర్దుకుంటాయి. వాటికి సరిపోయే డార్క్ ఫ్రేములు (కాంతి పడకుండా మూసి, అంతే వ్యవధితో తీసిన చిత్రాలు) కూడా అదే రాత్రి తీసి ఉంచాలి. ఈ అమరిక చుక్కల్లాంటి వస్తువులకే పనికి వస్తుందని కూడా ఇక్కడే చెప్పుకోవాలి. చంద్రుడు, పెద్ద గెలాక్సీలు వంటి పరుచుకున్న వస్తువులలో ఒక చోటి రంగు మరో చోటి రంగుపై పడి అన్నీ కలగాపులగమవుతాయి.

మబ్బు పట్టిన రాత్రులు వృథా కానక్కరలేదు. దూరంగా ఉన్న ఫ్లోరసెంట్ దీపం కాంతిని సన్నని సందు గుండా పంపి, లెన్స్ ముందు గ్రేటింగ్ పెట్టి తీస్తే 435.8, 546.1 నానోమీటర్ల దగ్గర పాదరసపు గీతలు మెరుస్తూ కనిపిస్తాయి. ఎండలో నిలిపిన కుట్టుసూది మీద మెరిసే సన్నని గీత కూడా చీలికగా పనిచేసి సూర్యుని వర్ణపటాన్ని ఇస్తుంది. గ్రేటింగ్ ఉన్నా లేకపోయినా కెమెరానుగాని, కంటినిగాని సూటిగా సూర్యుని వైపు మాత్రం తిప్పకూడదు.

చిత్రం నుంచి గ్రాఫు

ఆర్‌స్పెక్, బాస్ ప్రాజెక్ట్, విజువల్ స్పెక్, ఐసిస్ వంటి సాఫ్ట్‌వేర్లు ఔత్సాహికుల కోసమే తయారయ్యాయి. ఆర్‌స్పెక్ డబ్బు చెల్లించి కొనుక్కోవలసినది, నేర్చుకోవడానికి అన్నిటికంటే సులువు. ఏది వాడినా చేసే పని ఒకటే. చిత్రాన్ని కొద్దిగా తిప్పి వర్ణపటాన్ని పూర్తిగా అడ్డంగా చేయాలి. దానిపై సన్నని పట్టీని గుర్తించి, ఆ పట్టీలోని ప్రతి నిలువు వరుసలో ఉన్న విలువలను కూడాలి. పైనా కిందా ఉన్న ఖాళీ ఆకాశం నుంచి అలాంటి పట్టీలే తీసుకొని వాటి సగటును తీసివేయాలి. పట్టీ మరీ వెడల్పైతే ఆకాశపు గందరగోళం (నాయిస్) కూడా లోపలికి వస్తుంది, మరీ సన్ననైతే కాంతి బయటే మిగిలిపోతుంది. రంగుల కెమెరా చిత్రాన్ని ముందుగా రంగులు విడదీసి, నలుపు తెలుపులోకి మార్చుకోవాలి.

ఇప్పుడు చేతిలో ఉన్న గ్రాఫుకు అడ్డు అక్షం పిక్సెళ్లలో ఉంది. దానిని నానోమీటర్లలోకి మార్చడానికి రెండు తెలిసిన బిందువులు కావాలి. మొదటిది నక్షత్రపు చుక్క: దాని కేంద్రమే సున్నా నానోమీటర్లు. రెండోది హైడ్రోజన్ బీటా: 486.1 నానోమీటర్లు. ఈ రెండింటి మధ్య పిక్సెళ్లను లెక్కించి భాగించగానే పిక్సెల్‌కు ఎన్ని నానోమీటర్లో వస్తుంది. ముందుగా వేసుకున్న లెక్కతో అది సుమారుగా సరిపోవాలి. ఆ తరువాత, లెక్కలో వాడని గీతలతో సరిచూడాలి. హైడ్రోజన్ గామా 434.0 దగ్గర, డెల్టా 410.2 దగ్గర, ఆల్ఫా 656.3 దగ్గర పడ్డాయా? ఒకటి రెండు పిక్సెళ్ల లోపు తేడాను పట్టించుకోనక్కరలేదు. అంతకంటే ఎక్కువ వస్తే హైడ్రోజన్ బీటా అనుకున్న గీత వేరొకటి కావచ్చు, లేదా నిండిపోయిన చుక్క కేంద్రాన్ని సాఫ్ట్‌వేర్ తప్పుగా గుర్తించి ఉండవచ్చు.

చుక్క, వర్ణపటం ఒకే చిత్రంలో ఉండాలని పట్టుబట్టడానికి కారణం ఇదే. గ్రేటింగ్‌కు, సెన్సర్‌కు మధ్య దూరం మారనంత వరకు పిక్సెల్‌కు ఇన్ని నానోమీటర్లన్న విలువ మారదు. అభిజిత్‌తో ఒకసారి ఆ విలువను కనుక్కుంటే, ఆ రాత్రి తీసే మిగతా నక్షత్రాలన్నిటికీ చుక్క స్థానాన్ని సున్నాగా చూపిస్తే చాలు. అప్పుడు గుర్తు తెలియని గీతలున్న నక్షత్రం విషయంలో కూడా మనం ఊహ మీద ఆధారపడవలసిన అవసరం ఉండదు.

గ్రాఫు ఎత్తుపల్లాల సంగతి

అడ్డు అక్షం సరైనంత మాత్రాన నిలువు అక్షం సరికాదు. అభిజిత్ కాంతి నిజానికి ఊదా వైపు పోయేకొద్దీ పెరుగుతుంది. మన గ్రాఫులో మాత్రం ఆకుపచ్చ ప్రాంతంలో పెద్ద గుట్ట ఏర్పడి, రెండు వైపులా కిందికి దిగుతుంది. ఆ గుట్ట కెమెరాది. రంగుల కెమెరా అయితే ఒక గుట్టకు బదులు మూడు, వాటి మధ్య రెండు లోయలు ఉంటాయి. ఆ లోయలను శోషణ పట్టీలుగా (నక్షత్రపు వాయువులు కాంతిని మింగిన చోట్లుగా) భ్రమించడం కొత్తవారికి చాలా మామూలు.

దీనికి విరుగుడు పరికరపు స్పందన వక్రాన్ని తయారు చేసుకోవడం. మనం తీసిన అభిజిత్ గ్రాఫును, సాఫ్ట్‌వేర్‌తో పాటే వచ్చే పికిల్స్ సంకలనంలోని అభిజిత్ చెందిన ఏ0వీ (A0V) తరగతి ప్రామాణిక వర్ణపటంతో భాగించాలి. వచ్చిన ఫలితంలో హైడ్రోజన్ గీతల దగ్గర పదునైన గతుకులు మిగులుతాయి. వాటిని తొలగించి నున్నని వక్రంగా మార్చాలి. ఆ వక్రంతో ఆ రాత్రి తీసిన ప్రతి గ్రాఫునూ భాగిస్తే కెమెరా ప్రభావం పోతుంది. వక్రాన్ని నున్నగా చేసేటప్పుడు మరీ వంకరలు మిగిల్చితే అవి నక్షత్రాల గ్రాఫులలో కొత్త గీతలుగా అవతరిస్తాయి. కాబట్టి నునుపు ఎక్కువైనా నష్టం తక్కువ. వాతావరణం నీలాన్ని మింగే తీరు ఎత్తును బట్టి మారుతుంది కనుక, ముఖ్యమైన లక్ష్యానికి దాదాపు అదే ఎత్తులో ఉన్న 'ఏ' (A) తరగతి నక్షత్రాన్ని ప్రమాణంగా తీసుకోవడం ఇంకా మంచిది.

ఇంత చేసినా కొన్ని గీతలు ప్రతి నక్షత్రంలోనూ మొండిగా మిగులుతాయి. 760 నానోమీటర్ల దగ్గరి లోతైన కోత, 687 దగ్గరి చిన్న కోత మన వాతావరణంలోని ఆక్సిజన్‌వి. 720 పరిసరాలలోని పట్టీ నీటి ఆవిరిది, గాలిలో తేమను బట్టి అది రాత్రికి రాత్రి మారుతుంది. వీటిని తిట్టుకోనక్కరలేదు. 760 దగ్గరి కోత అనుకున్న చోటే ఉందంటే మన అడ్డు అక్షం ఎరుపు కొస దాకా సరిగా ఉన్నట్లే. దాదాపు 760కి అవతల మొదటి శ్రేణిలోని ఎరుపుపై రెండో శ్రేణిలోని ఊదా వచ్చి పడటం మొదలవుతుంది కనుక, ఆ ప్రాంతంలోని వివరాలను లెక్కలోకి తీసుకోకపోవడమే ఉత్తమం.

ఏ వరుసలో చూడాలి

అభిజిత్ తరువాత అదే అమరికతో ఆర్ద్రను, జ్యేష్ఠను తీయాలి. ఈ ఎర్ర నక్షత్రాలలో హైడ్రోజన్ గీతలు దాదాపు మాయమై, వాటి చోట రంపపు పళ్లలాంటి వెడల్పాటి పట్టీలు కనిపిస్తాయి. అవి టైటానియం ఆక్సైడ్ అణువులవి. ఎర్ర నక్షత్రంలో హైడ్రోజన్ లేదని దీని అర్థం కాదు. కంటికి కనిపించే హైడ్రోజన్ గీతలు ఏర్పడాలంటే ఎలక్ట్రాన్ ముందుగానే రెండో శక్తి స్థాయిలో ఉండాలి. చల్లని నక్షత్రాలలో అంత శక్తి చాలదు. మరీ వేడి నక్షత్రాలలో ఎలక్ట్రాన్ పూర్తిగా ఊడిపోతుంది. దాదాపు 10,000 కెల్విన్ల దగ్గర అనువైన స్థితి ఉంటుంది. 1920లో మేఘనాద్ సాహా రూపొందించిన అయనీకరణ సమీకరణం ఈ చిక్కుముడిని విప్పింది. దాని ఆధారంగానే 1925లో సిసిలియా పేన్ నక్షత్రాలలో అత్యధికంగా ఉన్నది హైడ్రోజనేనని లెక్కగట్టింది. ఒకే రాత్రి తీసిన అభిజిత్, ఆర్ద్ర గ్రాఫులను ఒకదాని కింద ఒకటి పెట్టుకొని చూస్తే ఈ వాదన అంతా కళ్ల ముందు ఉంటుంది.

రంపపు పళ్ల వాలును జాగ్రత్తగా గమనించడం అలవాటు చేసుకోవాలి. టైటానియం ఆక్సైడ్ పట్టీకి నీలం వైపు అంచు నిట్టనిలువుగా పడిపోయి, ఎరుపు వైపుకు మెల్లగా కోలుకుంటుంది. వై కేనమ్ వెనాటికోరమ్ వంటి కర్బన నక్షత్రాలలోని పట్టీలు దీనికి సరిగ్గా తలకిందులు: 473.7, 516.5, 563.5 నానోమీటర్ల దగ్గర నిట్టనిలువు అంచు ఎరుపు వైపు ఉండి, వాలు నీలం వైపు సాగుతుంది. అవి రెండు కర్బన పరమాణువుల అణువు వల్ల ఏర్పడే స్వాన్ పట్టీలు. అంకెలు చూడకుండానే, పళ్లు ఏ వైపుకు తిరిగాయో చూసి నక్షత్రపు రసాయన స్వభావాన్ని చెప్పవచ్చు. నాకు ఈ రంగంలో ఇంతకంటే ముచ్చటైన పరీక్ష మరొకటి కనిపించదు.

శోషణ గీతల తరువాత ఉద్గార గీతల వంతు. కాసియోపియా రాశి మధ్యలోని గామా నక్షత్రంలో హైడ్రోజన్ గీత లోయగా కాక శిఖరంగా ఉంటుందని 1866లో ఆంజెలో సెకీ కనిపెట్టాడు. వేగంగా తిరిగే ఆ నక్షత్రం చుట్టూ ఉన్న వాయు వలయం వెలువరించే కాంతి అది. స్టార్ ఎనలైజర్‌తో హైడ్రోజన్ ఆల్ఫా దగ్గర ఆ శిఖరం చిన్న మొలకలా స్పష్టంగా కనిపిస్తుంది. అంతకంటే నాటకీయమైనవి అతి వేడిగా ఉండి తమ వాయువులను వేగంగా వెదజల్లే ఓల్ఫ్-రాయే నక్షత్రాలు. 1867లో పారిస్ వేధశాలలో హంస రాశిలో మొదట గుర్తించిన మూడూ ఎనిమిదో మాగ్నిట్యూడ్ (ప్రకాశపు కొలత, అంకె పెరిగేకొద్దీ నక్షత్రం మసక) దగ్గరివి. దక్షిణాకాశంలోని గామా వెలోరమ్ అయితే కంటికే కనిపిస్తుంది. వీటిలో కర్బనం అధికంగా ఉన్న రకంలో 465, 580 నానోమీటర్ల పరిసరాలలో భారీ శిఖరాలు లేస్తాయి. వాటికి కొలతలు కూడా అక్కరలేదు, తెరమీద వర్ణపటం పూసలు గుచ్చినట్లు కనిపిస్తుంది.

సౌరకుటుంబంలో యురేనస్, నెప్ట్యూన్ ఈ పద్ధతికి చక్కగా ఒదుగుతాయి. వాటి బింబాలు 4 ఆర్క్ సెకన్ల కంటే చిన్నవి కనుక చుక్కలతో సమానమే. 619, 727 నానోమీటర్ల దగ్గర మీథేన్ పట్టీలు లోతుగా తవ్వినట్లుంటాయి.

వీటన్నిటిలో చేయి తిరిగాక సూపర్‌నోవా వైపు వెళ్లవచ్చు. ఒకటి-ఏ (Ia) రకం సూపర్‌నోవా గరిష్ఠ ప్రకాశంలో ఉన్నప్పుడు 635.5 దగ్గర ఉండవలసిన సిలికాన్ గీత 615 దగ్గరకు జరిగి కనిపిస్తుంది. అంటే పదార్థం సెకనుకు సుమారు 10,000 కిలోమీటర్ల వేగంతో మన వైపు దూసుకు వస్తోంది. కన్యా రాశిలో 13వ మాగ్నిట్యూడ్ దగ్గరుండే 3సీ 273 క్వేసార్‌ను 20 సెం.మీ. టెలిస్కోపుతో కూడా పట్టవచ్చు. దాని రెడ్‌షిఫ్ట్ 0.158 కావడంతో హైడ్రోజన్ బీటా 563 దగ్గరకు జరుగుతుంది. 1963లో మార్టిన్ ష్మిట్ గుర్తుపట్టింది ఈ జరుగుదలనే. హైడ్రోజన్ ఆల్ఫా మాత్రం సరిగ్గా 760 దగ్గరకు వచ్చి మన ఆక్సిజన్ కోతలో చిక్కుకుంటుంది. భూమి వాతావరణపు గీతలను కంఠస్థం చేయనివారు అక్కడ బోల్తాపడతారు.

కొత్త గీతను నమ్మే ముందు

గ్రాఫులో అనుకోని శిఖరం గాని, లోయ గాని కనిపించినప్పుడు మూడు సంగతులు చూడాలి. తీసిన చిత్రాలను రెండు గుంపులుగా విడగొట్టి వేర్వేరు గ్రాఫులు గీయాలి. రెండింటిలోనూ ఒకేచోట లేనిది కేవలం గందరగోళం. అదే రాత్రి తీసిన ప్రమాణ నక్షత్రంలో కూడా అదే తరంగదైర్ఘ్యం వద్ద ఉంటే అది పరికరానిది లేదా వాతావరణానిది. చివరిగా కెమెరాను గ్రేటింగ్‌తో సహా కొన్ని పదుల డిగ్రీలు తిప్పి మళ్లీ తీయాలి. వెనుకనున్న మరో మసక నక్షత్రపు చుక్క మన వర్ణపటంపై పడి ఉద్గార గీతలా మెరిస్తే, తిప్పగానే అది పక్కకు తప్పుకుంటుంది. పాలపుంత దట్టంగా ఉన్న ప్రాంతాలలో ఈ మూడో పరీక్షను ఎప్పుడూ వదలకూడదు.

కొన్ని నెలలు ఇలా సాగాక, గీతల ఆకృతిలోని మార్పులను గమనించాలన్న కోరిక సహజంగా పుడుతుంది. అప్పుడు చీలిక ఉన్న స్పెక్ట్రోగ్రాఫుకు మారడంలో అర్థం ఉంది. ఫ్రాన్స్‌కు చెందిన క్రిస్టియన్ బుయిల్ త్రీడీ ప్రింటర్‌తో తయారు చేసుకోవడానికి వీలుగా సూర్యుని కోసం సోలెక్స్‌ను, నక్షత్రాల కోసం స్టారెక్స్‌ను రూపొందించాడు. చేతిపని ఇష్టమున్నవారికి అవి మంచి దారి. ఆ స్థాయికి చేరినవారి కొలతలను స్వీకరించే వేదికలు కూడా ఉన్నాయి. పారిస్ వేధశాల నిర్వహించే బెస్ డేటాబేస్ గామా కాసియోపియే తరహా నక్షత్రాల వర్ణపటాలను ఔత్సాహికుల నుంచి సేకరిస్తుంది. అమెరికన్ అసోసియేషన్ ఆఫ్ వేరియబుల్ స్టార్ అబ్జర్వర్స్ వారికి కూడా వర్ణపటాల కోసం ప్రత్యేక డేటాబేస్ ఉంది.

వాటికి పంపే ఆలోచన ఇప్పుడు లేకపోయినా ప్రతి రాత్రి వివరాలను మొదటి నుంచే పద్ధతిగా భద్రపరచాలి. నక్షత్రం పేరు, ఎక్స్‌పోజర్ మొదలైన సమయం సార్వత్రిక కాలమానంలో, వ్యవధి, చిత్రాల సంఖ్య, టెలిస్కోపు, కెమెరా, గ్రేటింగ్ దూరం, వాడిన ప్రమాణ నక్షత్రం, నక్షత్రాల ఎత్తు అన్నీ ఫిట్స్ (ఖగోళ చిత్రాలను దాచే ఫార్మాట్) ఫైలు శీర్షికలో చేర్చాలి. శుద్ధి చేసిన గ్రాఫుతో పాటు అసలు చిత్రాలను, డార్క్ ఫ్రేములను కూడా తుడిచివేయకుండా దాచాలి. కెమెరా కంప్యూటర్ గడియారాన్ని పని మొదలుపెట్టే ముందు ఇంటర్నెట్ సమయంతో సరిచేసుకోవాలి.